తల్లికంటే ముసలిదైన బిడ్డ రక్తం

పాథాలజీ డాక్టరంటే ఏం చేస్తారో మా అత్తగారికి చివరిదాకా అంతుపట్టలేదు. "మా కోడలు డాక్టరే గని, గోలియ్యదు, సూదియ్యదు. పొద్దుందాక రక్తం జూసుకుంట కూసుంటది" అని పక్కింటి వాళ్లకు చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. నల్గొండలో, తర్వాత మహబూబ్‌నగర్‌లో నేను ఉద్యోగమంతా చేసింది అదే. రోగులు నన్ను రక్తం డాక్టరమ్మ అనేవారు. మొదట్లో చిన్నబుచ్చుకునేదాన్ని. తర్వాత బాగానే ఉందనిపించింది.

ఈమధ్య ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవాలు రాయండి" అన్నారు. బదిలీలు, ప్రమోషన్ల గురించి రాస్తే నాకే నిద్రొస్తుంది. అందుకే ఒక్క సంగతే రాస్తున్నాను. రక్తం చూసి వయసు చెప్పొచ్చా? ఇప్పుడు ప్రతి ప్రైవేటు ల్యాబూ "మీ రక్తం వయసెంత?" అని బోర్డు పెడుతోంది కాబట్టి, ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు ఇది పనికొస్తుంది.

ఎముకలు చెప్పిన వయసు

రాష్ట్రం వచ్చిన కొత్తలో నల్గొండలో ఉన్నాను. పింఛను కోసం వయసు రాయించుకోవడానికి జనం దవాఖానకు విరగబడి వచ్చేవారు. మా వైపు పాత తరానికి పుట్టినరోజు తెలియదు. కరువొచ్చిన యాడాది, పెద్ద వాన పడ్డ యాడాది, ఇట్లా ఉంటాయి లెక్కలు. ఆధార్ తీసే పిలగాడు మనిషి మొహం చూసి ఒక సంవత్సరం వేసి, తేదీ జనవరి ఒకటి అని కొట్టేశాడు. అందుకే మా దగ్గర ఇంటిల్లిపాదీ జనవరి ఒకటినే పుట్టిన కుటుంబాలు కోకొల్లలు.

వయసు తేల్చే బోర్డులో పళ్ల డాక్టరు, ఎక్స్‌రే డాక్టరు ఉండేవారు. రక్తం పరీక్షలేమైనా కావాలంటే నన్ను పిలిచేవారు. ఒకసారి ఫ్లోరైడ్ నీళ్ల ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. నడుం వంగి, పళ్లు గారపట్టి, ఎక్స్‌రేలో వెన్నెముక సున్నం పోసినట్టుంది. అరవై ఐదు దాటాయని అందరూ ఒప్పుకున్నారు. కలం మూత తీసేసరికి ఆయన వెంట వచ్చినతను అడ్డం పడ్డాడు. నిటారుగా, నల్లటి జుట్టుతో ఉన్నాడు. కొడుకనుకున్నాం.

"కొడుకును గాదు సారూ, వాని అన్నను. నేను ఇల్లరికం బొయ్యి మంచినీళ్లు తాగిన. వాడు ఊర్లనే ఉండె" అన్నాడు.

ఎక్స్‌రే డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. శరీరంలో కనిపించే వయసు వేరు, బతికిన ఏళ్లు వేరు అని నాకు కళ్లకు కట్టినట్టు తెలిసింది ఆ రోజే.

నెల రోజుల ముసలితనం

అప్పటి మా పెద్దసారు మంచి డాక్టరు, కానీ కొత్త పరీక్ష ఏదొచ్చినా మొదట తన మీదే చేయించుకోవాలి. హైదరాబాద్ కంపెనీ వాళ్లు రక్తం వయసు లెక్కగట్టే పద్ధతి తెచ్చారు. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మనం రోజూ చేసేవే తొమ్మిదో పదో పరీక్షలు. అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంతుంది, ఒంట్లో వాపును చెప్పే సీఆర్పీ ఎంతుంది, తెల్లకణాల్లో లింఫోసైట్ల వాటా ఎంత, ఎర్రకణాలన్నీ ఒకే సైజులో ఉన్నాయా లేదా, ఇలాంటివి. వయసు పెరిగేకొద్దీ ఇవి ఒక తీరుగా మారతాయి. ఆ తీరును బట్టి కంప్యూటర్ ఒక వయసు చెబుతుంది.

యాభై ఆరేళ్ల మా పెద్దసారుకు డెబ్భై ఒకటి వచ్చింది.

ఆయన ఆ మర్నాటి నుంచి మటన్ మానేశాడు. ఇన్సూరెన్స్ ఏజెంటును పిలిపించాడు. రౌండ్స్‌లో నర్సుల మీద అరవడం కూడా మానేస్తే, అందరూ నిజంగానే భయపడ్డారు. మా టెక్నీషియన్ ఖాదర్ భాయ్ మాత్రం నా చెవిలో వేశాడు. "మేడం, సారుకు మొన్న చికున్‌గున్యా వచ్చి తగ్గింది గద. ఇంక కీళ్లు పట్టుకొని నడుస్తుండు."

అంతే సంగతి. జ్వరం వచ్చిన ఒంట్లో వాపు చల్లారలేదు. సీఆర్పీ పైన, అల్బుమిన్ కింద. కంప్యూటర్‌కు జ్వరం తెలియదు, వయసే తెలుసు. నెల తర్వాత మళ్లీ చేస్తే యాభై ఎనిమిది వచ్చింది. పెద్దసారు ల్యాబ్ అందరికీ బిర్యానీ తెప్పించి, మధ్యాహ్నమే నర్సుల మీద అరిచాడు.

పిల్లలూ, ఇలాంటి రిపోర్టు ఏదొచ్చినా ముందు ఆ మనిషికి ఈమధ్య జ్వరమొచ్చిందేమో అడగండి. నెల ఆగి మళ్లీ చేయండి. రెండోసారీ అదే వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఎందుకో ఈదమ్మ కథ చెబుతుంది. ఆమెను అడిగే రాస్తున్నాను. "పేరు మార్చాల్నా?" అంటే, "ఎందుకు మారుస్తవమ్మా, మంచిగున్నది గద" అంది.

ఊరు మునిగిన యాడాది

అప్పటికి మహబూబ్‌నగర్ వచ్చేశాను. ఖాదర్ భాయ్ కూడా నా అదృష్టం కొద్దీ అక్కడికే వచ్చాడు. కొత్త జిల్లాలు వచ్చి షాద్‌నగర్ వేరే జిల్లాలోకి పోయినా, అక్కడి వాళ్లకు మహబూబ్‌నగర్ దవాఖానకు వచ్చే అలవాటు పోలేదు.

ఈదమ్మది కొల్లాపూర్ దగ్గర పల్లె. షాద్‌నగర్‌లో సీసా మూతలు చేసే కంపెనీలో పని. కంపెనీ వాళ్లు నలభై లోపు వాళ్లను పర్మినెంట్ చేస్తామన్నారు. పర్మినెంట్ అయితే బీమా కార్డు వస్తుంది, ఇంట్లో వాళ్లందరికీ దవాఖాన ఖర్చు పోతుంది. అదే సమయంలో కంపెనీలో హెల్త్ క్యాంపు పెట్టారు. ఏదో ప్రైవేటు ల్యాబ్ వాళ్లు అందరి రక్తం తీసి, ఉచితంగా రక్తం వయసు కూడా రాసిచ్చారు. ఈదమ్మ ఆధార్‌లో ముప్పై ఏడు. రిపోర్టులో యాభై ఏడు.

మేనేజరుకు అది చాలు. ఆధార్‌లో జనవరి ఒకటి చూసి, ఇదీ మొహం చూసి వేసిందేగా అన్నాడు. మనిషి అబద్ధమాడుతుంది కానీ రక్తం అబద్ధమాడదని, వయసు తేల్చుకుని రమ్మని పంపాడు.

ఈదమ్మ తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి పేరు నర్సమ్మ. కట్టెపుల్లలా సన్నగా, చురుగ్గా ఉంది. బిడ్డ మాట్లాడకముందే అందుకుంది.

"డాక్టరమ్మా, దీని వయసు నన్నడుగుండ్రి. డ్యాం నీళ్లొచ్చి మా ఊరు మునిగిన యాడాది, రేకుల షెడ్డుల కన్న దీన్ని. ముగ్గురి ఎనుక పుట్టింది. ఆడ ఈదమ్మ తల్లికి మొక్కుకుంటే బతికింది, గందుకే గీ పేరు."

శ్రీశైలం నీళ్లొచ్చి ఆ వైపు ఊళ్లు ఖాళీ అయిన సంగతి ఎవరికి తెలియదు? లెక్కవేస్తే ఆధార్ పిలగాడు ఈసారి మొహం చూసి కూడా సరిగ్గానే వేశాడు.

ఇక్కడి ఎక్స్‌రే డాక్టరు చేతులెత్తేశాడు. ఇరవై ఐదు దాటాక ఎముకలు పెద్దగా ఏమీ చెప్పవు. ముప్పై ఐదు నుంచి యాభై ఐదు మధ్య అన్నాడు. దాంతో పని నా బల్ల మీదికి వచ్చింది. జ్వరమేమైనా వచ్చిందా అంటే లేదంది. నెల ఆగి మళ్లీ చేశాను. యాభై ఏడే.

అప్పుడు మా ఖాదర్ భాయ్‌కి ఒక ఆలోచన వచ్చింది. "అవ్వది గూడ తీద్దాం మేడం, మిషన్ ఏం చెప్తదో సూద్దాం" అన్నాడు. నర్సమ్మ సంతోషంగా చేయి చాపింది. ఆమెకు యాభై నాలుగు వచ్చింది.

ఖాదర్ భాయ్ ఆ కాగితం పట్టుకుని పడీపడీ నవ్వాడు. "అవ్వా, నీ బిడ్డ నీకంటె మూడేండ్లు పెద్దది!"

నర్సమ్మ కూడా నవ్వింది, కానీ వెంటనే కాగితం మీద చెయ్యేసింది. "యాభై నాలుగా? గట్లయితె నా ముసలి పింఛను బోతది గద! జర చింపెయ్ బిడ్డా, నీ కాళ్లు మొక్కుత."

ల్యాబ్ అంతా గొల్లుమంది. ఈదమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ చున్నీ మొహం మీదికి లాక్కుంది. ఆ చున్నీ నేను అప్పుడు చూశాను. గదిలో ఎండ లేదు, దుమ్ము లేదు. మొహం కప్పుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

"ఎందుకమ్మా చున్నీ?" అన్నాను.

"ఎండల వోతే మొకం మంటలేస్తది మేడం. మచ్చలైతయి. ఎంటికలు గూడ కుచ్చులు కుచ్చులు ఊడుతున్నయి. చేతి ఏళ్లు వాస్తయి, పొద్దుగాల మూతలు పట్టరాదు. మా ఊరి ఆర్‌ఎంపీ గోలీలిస్తడు, జరంత తగ్గుతది."

వయసు ఎంతా అని అందరం కొట్టుకుంటున్నాం కానీ, రక్తం ఎందుకు ముసలిదైందని ఆమెను ఎవరూ అడగలేదు. రిపోర్టును మొత్తం అంకెగా కాకుండా విడదీసి చూశాను. లింఫోసైట్లు బాగా తక్కువ. అల్బుమిన్ తక్కువ. రక్తం తక్కువై, ఎర్రకణాలు చిన్నవీ పెద్దవీ కలిసిపోయాయి. మూత్రం చూస్తే ప్రొటీన్ పోతోంది. ఇంకొక రక్త పరీక్ష హైదరాబాద్ పంపితే అనుమానం నిజమైంది. లూపస్.

తల్లీబిడ్డలిద్దరికీ నా మాటల్లో చెప్పాను. ఒంటికి కాపలా ఉండాల్సిన కణాలే సొంతింటి మీద పడ్డాయి, రోజూ ఆ కొట్లాట జరుగుతుంటే రక్తం అలసిపోయి ముసలి రక్తంలా కనిపిస్తుంది, ఏళ్లు మాత్రం ముప్పై ఏడే అన్నాను. నర్సమ్మ అన్నీ వింది. ఈదమ్మ ఇంకోసారి మూత్రం సీసా ఇవ్వడానికి బయటికి పోయాక నా దగ్గరికి జరిగింది.

"డాక్టరమ్మా, అది నాకంటె ముసలిదంటె... నాకంటె ముందుగాల పోతదా?"

మందులున్నాయి, కిడ్నీ ఇంకా పాడవలేదు, మందులు మానకుండా వాడాలి అన్నాను. పోదు అని మాత్రం అనలేకపోయాను. ఆ మాట చెప్పే పరీక్ష నా దగ్గర లేదు.

పొడుగు చేతుల చొక్కా

ఇప్పుడు చిక్కొచ్చి పడింది. ఈదమ్మ వయసు యాభై ఏడు కాదని రాయాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే రోగం బయటపడుతుంది. రోగమున్న మనిషిని పర్మినెంట్ చేస్తారా? బీమా కార్డు లేకపోతే ఏళ్ల తరబడి మందులు ఎక్కడ కొంటుంది? ఏది చెప్పినా పని పోయేటట్టుంది.

నేను రెండు ముక్కలు రాశాను. రక్త పరీక్షతో వయసు నిర్ధారించలేం, ఆధార్ వయసును కాదనడానికి ఆధారమేమీ లేదు. అంతే.

మేనేజరు స్వయంగా కారేసుకుని వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. మే నెల, ఫ్యాన్ కింద కూడా చెమటలు కారుతుంటే, ఆయన పొడుగు చేతుల చొక్కా గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు. నర్సమ్మ ఒప్పుకుంది కాబట్టి ముందు ఆమె సంగతి చెప్పాను. తల్లికంటే బిడ్డ పెద్దదైతే లెక్క ఎక్కడో తప్పిందిగా సార్ అన్నాను. ఆయన నవ్వాడు. కానీ తెలివైనవాడు.

"అయితే మేడం, వయసు తక్కువుండి రక్తం ముసలిదైతే, ఏదో పెద్ద రోగమున్నట్టే గద. రోగమున్నోళ్లను నేనెట్ల తీసుకుంట? రేపు నన్నడుగుతరు పైనోళ్లు."

"ఆమెకు ఏముందో, ఏం లేదో నేను చెప్పను సార్. క్యాంపులో మీరు రక్తం ఇచ్చారా?"

"లేదు, పనోళ్లకే పెట్టినం. నాకేం రోగం లేదు. కావాలంటే తీసుకోండి, మీ పరీక్ష సరిగ్గ చెప్తదో లేదో సూద్దాం" అని కుర్చీలో సర్దుకున్నాడు.

ఖాదర్ భాయ్ చేయి చాపమన్నాడు. ఆయన ఎడమ చేతి గుండీ విప్పి, చొక్కాను ఒక్క వేలు వెడల్పే పైకి జరిపాడు. మోచేతి మడత దాకా రావాలి సార్ అంటే ఒకసారి తలుపు వైపు చూశాడు. తర్వాత జరిపాడు. మోచేయి మీద వెండి పొలుసులు లేచిన ఎర్రటి పెద్ద మచ్చ. ఖాదర్ భాయ్ ఎంత మంచివాడంటే, రక్తం తీసి దూది పెట్టేదాకా ఆ మచ్చను చూసినట్టే కనిపించలేదు.

ఆయనకు యాభై తొమ్మిది వచ్చింది.

కాగితం ఆయన చేతికే ఇచ్చాను. ఖాదర్ భాయ్ తనంతట తానే బయటికి పోయి తలుపు దగ్గరికేశాడు. ఆ అంకెను చూసి మేనేజరు నెమ్మదిగా అన్నాడు. "సోరియాసిస్ మేడం. శానా ఏండ్ల సంది ఉంది. ఇప్పుడు చేతి ఏళ్ల కణుపులు గూడ వాస్తున్నయి. కంపెనీల ఎవ్వరికీ తెల్వదు. తెలిస్తే షేక్‌హ్యాండ్ గూడ ఇయ్యరు."

"అది అంటదు సార్. ఒంట్లో కాపలా కణాల తప్పు అది."

"నాకు తెలుసు. వాళ్లకు తెల్వదు గద."

"నా నోటి నుంచి బయటికి పోదు. మీదే కాదు, ఎవరిదీ పోదు. మీ రక్తానికి యాభై తొమ్మిది, మరి మీరు పనికి రావడం లేదా?"

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగి, చర్మం డాక్టరు ఏ రోజు కూర్చుంటాడని అడిగాడు. చెప్పాను. ఆ వారం ఆ డాక్టరు దగ్గర కూర్చున్నాడని తర్వాత తెలిసింది.

నెల తిరగకుండా ఈదమ్మకు పర్మినెంట్ కాగితం వచ్చింది. క్యాంపు ల్యాబ్ వాళ్లను మాత్రం ఆ కంపెనీ మళ్లీ పిలవలేదు. మేనేజరు సంగతి ఇక్కడ ఎందుకు రాశానంటే, ఆయన ఇప్పుడు దాచుకోవడం మానేశాడు. పోయినేడు షాద్‌నగర్‌లో కనిపించాడు, సగం చేతుల చొక్కా వేసుకుని ఉన్నాడు. "రాసుకోండి మేడం, నలుగురికి తెల్వనియ్యుండ్రి" అన్నాడు.

కొత్తగా వచ్చేవాళ్లకు

మీకు నాకంటే పెద్ద పరీక్షలు వస్తాయి. రక్తం మరక దొరికితే అది ఏ వయసు మనిషిదో చెప్పేవి ఇప్పటికే ఉన్నాయట. రొమ్ము ఎముక వెనక ఒక చిన్న గ్రంథి ఉంటుంది. కాపలా కణాలకు శిక్షణ ఇచ్చి పంపేది అదే. వయసు మీదపడేకొద్దీ అది కుంచించుకుపోయి, రక్తంలో కొత్త కణాలు తగ్గుతాయి. వాటిని లెక్కపెట్టి వయసు అంచనా కడతారు. మంచి ఆలోచనే. కానీ లూపస్ వాళ్లలో, కీళ్లవాతం వాళ్లలో ఆ కొత్త కణాలు ముందే తగ్గిపోవచ్చు. ఎవరో తెలియని మనిషి రక్తపు మరక చూసి "యాభై ఏళ్ల మనిషి" అని పోలీసులకు రాసిస్తే, వాళ్లు ముప్పై ఏళ్ల మనిషిని వదిలేసి యాభై ఏళ్లవాణ్ని వెతుకుతారు. అంచనా రాసేటప్పుడు, రోగనిరోధక జబ్బు ఉంటే ఇది తప్పొచ్చు అని ఒక వాక్యం రాయడానికి బద్ధకించకండి.

ఇంకొక మాట మొహమాటం లేకుండా చెబుతాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రక్తం వయసు పరీక్ష అమ్మడం శుద్ధ దండగ. మా పెద్దసారులాంటి వాళ్లకు నెల రోజులు మటన్ దూరం చేయడం తప్ప దాని వల్ల ఒరిగేదేమీ లేదు. కానీ ఆ అంకె మరీ అడ్డదిడ్డంగా వస్తే, రెండోసారీ అట్లాగే వస్తే, పారేయకండి. దాన్ని విప్పి లోపల ఏముందో చూడండి, ఎదురుగా కూర్చున్న మనిషిని అడగండి. ఈదమ్మ చున్నీ నా కళ్లబడకపోతే ఆమె కిడ్నీలు ఏమయ్యేవో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమే.

నేను రిటైరయ్యే నెలలో ఈదమ్మ, నర్సమ్మ వచ్చారు. ఈదమ్మ జుట్టు తిరిగి ఒత్తుగా వచ్చింది. చున్నీ మెడ మీదే ఉంది. నాకోసం సజ్జ రొట్టెలు మూటగట్టి తెచ్చారు. ఖాదర్ భాయ్ ఊరుకుంటాడా, ఇద్దరి రక్తమూ తీశాడు. సాయంత్రానికి కాగితాలు వచ్చాయి. బిడ్డకు నలభై నాలుగు, తల్లికి యాభై ఏడు.

నర్సమ్మకు చదువు రాదు. ఏది ఎవరిదని అడిగి, రెండు కాగితాలూ చేతిలోకి తీసుకుంది. ఈసారి పింఛను మాట ఎత్తలేదు. తన కాగితం పైన పెట్టి, బిడ్డది కింద పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇగ మంచిగైంది డాక్టరమ్మా. నేను ముందల, అది ఎనుక. ఎవరి జాగల వాళ్లు ఉన్నరు."